ఎర్రదారం కుట్టు

నాయనా,

నిన్న సాయంత్రం మీ నాయనతో గాంధీ రోడ్డుకు పోయి రెండు సంచుల నిండా సామాను తెచ్చుకున్నావు. కొత్త వీపు సంచి, వేలు పోసి కొన్న బూట్లు, స్టీలు ఫ్లాస్కు, మడత కత్తి, తలకు కట్టుకునే లైటు. మీ అవ్వ అవన్నీ మంచం మీద పరిచి ఒక్కొక్కటే చేత్తో తడిమి చూసుకొని మురిసిపోయింది. నేను మాత్రం గమ్మున కూర్చున్నా. తాతకు కోపమొచ్చిందని నువ్వు అనుకొని ఉంటావు. కోపం కాదురా అబ్బోడా. చెప్పాల్సింది చాలా ఉంది, యాడ మొదలుపెట్టాలో తెలియలేదు. రాత్రంతా అదే ఆలోచన. అందుకే మొబ్బునే లేచి ఈ నాలుగు మాటలు రాస్తున్నా. బయలుదేరే ముందు తీరిగ్గా చదువుకో.

మొదటి మాట. ఆ సంచులు రెండూ ఇంట్లోనే పెట్టి పో. తెమ్మన్న కాగితాలు, నాలుగు జతల బట్టలు, సబ్బు, పళ్ళపొడి, మీ అవ్వ కట్టిచ్చే చెనిక్కాయల ఉండలు, ఇవి చాలు. మిగతాదంతా పల్టన్‌లో ఇస్తారు. నీకు కావాల్సింది, అక్కర్లేదని నువ్వు అనుకునేది, పదేళ్ళ తర్వాత గానీ విలువ తెలియనిది, అన్నీ ఇస్తారు. ఆ ఇచ్చినదాన్ని ఎట్లా చూసుకోవాలో చెప్పడానికే ఈ ఉత్తరం.

వెల్లింగ్టన్ సైనిక శిక్షణ కేంద్రం చేరినాక మిమ్మల్ని వరుసగా నిలబెట్టి సామాను ఇచ్చే క్యూఎం స్టోరుకు తీసుకుపోతారు. బల్ల అవతలి మనిషి నీ మొహం చూడడు. పాదం చూస్తాడు, ఛాతీ చూస్తాడు, తల చూస్తాడు. చూసి లోపలికి కేకేస్తాడు. దరీ, కంబళి, దోమతెర, జెర్సీ, పీటీ షూ, బూట్లు, బెల్టు, కిట్ బ్యాగు, మగ్గు, మెస్‌టిన్, ఒకదాని మీద ఒకటి వచ్చి నీ చేతుల్లో పడతాయి. గడ్డం కింద వరకూ పేరుస్తారు. చివర్న ఒక పుస్తకం నీ ముందుకు తోసి సంతకం పెట్టమంటారు. బరువుతో చేతులు లాగుతుంటాయి, వెనక వరుస తోస్తుంటుంది, ఏం రాశారో కూడా చూడకుండా సంతకం గీకేస్తావు. నేనూ అట్లే గీకినా.

ఆ సంతకం దగ్గర ఒక్క నిమిషం ఆగు. ఇన్ని వస్తువులు, ఈ లెక్కన, ఈ మనిషి చేతికి అప్పగించినాము అని దానర్థం. వాటిల్లో కొన్ని నీ ఒంటి మీదే అరిగిపోతాయి. కొన్ని మాత్రం అప్పుగా ఇచ్చినవి, పని తీరినాక తిరిగి తీసుకుంటారు, ఇంకొకడికి ఇస్తారు. నువ్వు చేరబోయే మద్రాస్ రెజిమెంటు 1758లో పుట్టింది. మన దేశ పదాతి దళంలో దానికంటే పాతది లేదు. అంటే ఆ బల్ల ముందు నీకు ముందు రెండున్నర వందల ఏళ్ళ వరుస నిలబడి ఉంది. నీ వెనక ఇంకా రాబోయేవాళ్ళ వరుస ఉంది. నడిమధ్య నువ్వు. సర్కారు సామాను అంటే నాకర్థమైంది అదే నాయనా: ముందువాడి చేతి నుంచి వెనకవాడి చేతికి పోతూ మధ్యలో కొన్నాళ్ళు నీ దగ్గర ఆగే వస్తువు.

ఆ చొక్కా ఎక్కడ కుట్టారో కూడా తెలుసుకో. మన తిరుపతిలో మద్రాసు రైలెక్కితే అరక్కోణం దాటినాక ఆవడి వస్తుంది కదా, అక్కడ 1961లో పెట్టిన ఆర్డ్‌నెన్స్ క్లోతింగ్ ఫ్యాక్టరీ ఉంది. 2021 నుంచి దాన్ని ట్రూప్ కంఫర్ట్స్ లిమిటెడ్ కింద నడుపుతున్నారు. కిటికీ పక్కన కూర్చొని వేయించిన శనగలు నములుతూ ఆ స్టేషన్ దాటిపోయినప్పుడు, ఈ గోడల వెనక మిషన్ల ముందు కూర్చున్న ఆడామగా ఎవరో నా గుండీ కుట్టారని ఎవరికి తడుతుంది? నీకు తట్టాలి. ఊడిపోయిన గుండీని పారేసే ముందు తట్టాలి.

ఇక ఒక్కొక్కటే చెప్తా, విను.

బూట్లు. పల్టన్‌లో ఏ ముసలాయన్ను అడిగినా ముందు బూట్ల సంగతే చెప్తాడు. మా కాలంలో పరేడుకు తొడిగే తోలు బూట్లకు అడుగున మేకులు, మడమకు ఇనుప లాడం. సిమెంటు మీద నడిస్తే ఎద్దులబండి పోయినట్టు మోగేవి. తర్వాత డీఎంఎస్ అని రబ్బరు అడుగు అచ్చుపోసిన బూటు వచ్చింది. నీకు ఇంకా తేలికవి ఇస్తారేమో. ఏదైనా సరే, కొత్త బూటు కరుస్తుంది. మొదటి వారం కరిపించుకో, ఓర్చుకో, కానీ గమనించుకో. యాడ ఒరుసుకుంటా ఉందో వేలితో తడిమి చూసుకో. ఆడ బొబ్బ లేవకముందే గుడ్డపట్టీ వేసుకో. బొబ్బ లేచినాక మందు వెతికేవాడు సిపాయి కాడు.

అలిపిరి నుంచి 3550 మెట్లు నువ్వు ఎన్నిసార్లు ఎక్కలేదు! పరుగు ప్రాక్టీసని శ్రీవారి మెట్టు 2388 మెట్లూ ఉరికినోడివి. మోకాళ్ళ పర్వతం దగ్గర కూలబడిన యాత్రికులను చూసినావు కదా. చాలామందిని కూలదోసింది మోకాలి నొప్పి కాదు, అరికాలు. పొద్దున ఎండకు కాలిన రాయి మీద పెట్టిన అడుగు సాయంత్రానికి పగ తీర్చుకుంటుంది. కొండకు మొక్కుకున్నోడు చెప్పులు విడిచి ఎక్కుతాడు, దేవుడు చూసుకుంటాడు. నీ పాదాలను మాత్రం నువ్వే చూసుకోవాలి.

దానికి మందు మేజోళ్ళు. ఎప్పుడూ ఒక జత పొడిగా ఉండాలి. తడిసిన జతను పిండి చొక్కా లోపల పొట్టకు ఆనించి కట్టుకో. ఒంటి వేడికి తెల్లారేసరికి ఆరుతుంది. కంపు కొడుతుంది, కొట్టనీ. రాత్రి పడుకునే ముందు బూటు విప్పి వేలి సందులు తుడిచి పొడి చల్లుకో. కూడు తిన్నావా లేదా అని అడిగినట్టు, కాళ్ళు చూసుకున్నావా అని పక్కవాణ్ని అడుగు. 1962లో చైనా వాళ్ళతో యుద్ధానికి ఈశాన్య కొండల్లోకి ఆగమేఘాల మీద పంపిన మన జవాన్లు చాలామంది నూలు బట్టలతో, కాన్వాస్ బూట్లతో ఆ చలిలో నిలబడినారు. ధైర్యానికేం తక్కువ లేదు వాళ్ళకు. కాళ్ళకు లేదు రక్షణ. మేము చేరినప్పుడు ఆ కాలం చూసిన పెద్దలు ఇంకా ఉండేవాళ్ళు. మేజోళ్ళు తడిగా కనబడితే చెంప పగలగొట్టేవాళ్ళు. ఆ దెబ్బ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తర్వాత తెలిసింది.

రెండోది గ్రౌండ్‌షీట్. రబ్బరు పూసిన గుడ్డ, అంచుల్లో ఇత్తడి కన్నాలు, చూడ్డానికి ఏమీ ఉండదు. మన పలమనేరు, పుంగనూరు పక్కన గొర్రెలు మేపే వాళ్ళ కంబడి చూసినావు కదా. ఎండకు నీడ, వానకు కొప్పెర, రాత్రికి పరుపు, చలికి దుప్పటి, దారిలో దొరికిన కాయాకసరుకు మూట. ఒకే గుడ్డ, ఐదు పనులు. గ్రౌండ్‌షీట్ అచ్చంగా అదే. నేల తేమ ఒంటికి ఎక్కకుండా ఆపుతుంది, వానలో భుజాన కప్పుకోవచ్చు, దెబ్బతిన్నోణ్ని దాని మీద వేసి నలుగురు నాలుగు మూలలా పట్టి మోయొచ్చు. అన్నిటికంటే పెద్ద పని ఏమంటే, రెండు గ్రౌండ్‌షీట్లు కన్నాలు కలిపి తాడుతో బిగిస్తే ఇద్దరికి గుడారం అవుతుంది.

ఇద్దరికి అన్నమాట మర్చిపోవద్దు. నేను మర్చిపోయినా. కొత్తలో ఒక పొడుగాటి మార్చ్. వీపు మీద పిట్టూ సంచి బరువు చూసి నాకు దొంగబుద్ధి పుట్టింది. ఆకాశం తేటగా ఉంది, ఒక్క మబ్బు తునక లేదు. గ్రౌండ్‌షీట్ తీసి బ్యారక్‌లో పరుపు కింద దాచి బయలుదేరినా. రెండో రాత్రి కొండ మీద వాన పట్టుకుంది. నా జతగాడు పాలక్కాడు పక్కవాడు, మాట తక్కువ మనిషి. తన షీటు విప్పి నా వైపు చెయ్యి చాచినాడు, నాది ఇమ్మని. నా దగ్గర లేదు. వాడు ఏమీ అనలేదు. తన షీటును ఇద్దరి నెత్తి మీదా కప్పినాడు. ఒక్క షీటు ఇద్దరికి చాలదు కదా. తెల్లవార్లూ నా ఎడమ భుజం తడిసింది, వాడి కుడి భుజం తడిసింది. నా భుజం తడవడం నా తప్పుకు శిక్ష. వాడి భుజం ఎందుకు తడవాలి? మూడు రోజులు వాడు జ్వరంతో పడుకున్నాడు. అప్పుడు తెలిసింది నాకు, నా పేరు మీద రాసిన గ్రౌండ్‌షీట్ వాడి ఇంటికప్పులో సగమని. నువ్వు బరువనుకొని వదిలేసి పోయేది ఎప్పుడూ ఇంకొకడి భుజం మీద పడుతుంది నాయనా.

మూడోది నీళ్ళ సీసా. మాకు ఇచ్చినవి ఎనామిల్ పూత పూసిన ఇనుప సీసాలు. చుట్టూ ఖాకీ ఉన్ని గుడ్డ, మూతికి కార్కు బిరడా, బిరడా పోకుండా దారం. రాజస్థాన్ ఇసుకలో ఆ ఉన్ని గుడ్డను తడిపి నీడలో వేలాడదీస్తే లోపలి నీళ్ళు మన ఇంటి వసారాలో కుండ నీళ్ళంత చల్లగా ఉండేవి. బండ్లకు చాగల్ అని మందపాటి గుడ్డసంచి కట్టేవాళ్ళు. సంచి గుడ్డలోంచి నీరు సన్నగా చెమరుస్తుంది, గాలి తగిలి ఆ చెమ్మ ఆరేకొద్దీ లోపలిది చల్లబడుతుంది. కుండ చేసే పనే అది. పేరు మారింది, మట్టి బదులు గుడ్డ వచ్చింది. నీకు ప్లాస్టిక్ సీసా ఇస్తే ఆ సుఖం ఉండదు. పాత మేజోడు ఒకటి తొడిగి తడుపు, కొంతైనా పనిచేస్తుంది.

నిండుకుండ తొణకదని సామెత చెప్తాం. పెద్దమనిషి గొప్పలు చెప్పుకోడని దానికి అర్థం చెప్పుకుంటాం. రాత్రి పెట్రోలింగ్‌లో నాకు ఆ సామెత ఉన్నదున్నట్టు అర్థమైంది. సగం ఖాళీ అయిన సీసా అడుగడుక్కీ గలగలమంటుంది. చీకట్లో ఆ చప్పుడు శత్రువును చేయి పట్టి పిలుచుకొస్తుంది. నింపితే మూతి వరకూ నింపు. తాగితే అందరూ ఒక్కచోట కూర్చున్నప్పుడు తాగు, మళ్ళీ నింపుకో. నీ దప్పిక నీ సొంత వ్యవహారం కాదు అక్కడ.

మగ్గు, మెస్‌టిన్ సంగతి చెప్పకపోతే మీ అవ్వ ఒప్పుకోదు. మన వంటింట్లో బియ్యం డబ్బాలో ఉంటుంది చూడు, పూత పెచ్చులూడి అంచు నల్లబడిన మగ్గు, అది నేను ఇరవై ఏళ్ళు చాయ్ తాగిన మగ్గు. మీ అవ్వ దాంతో బియ్యం కొలుస్తుంది. ఆ మగ్గుతోనే గడ్డం గీసుకున్నా, మొహం కడుక్కున్నా, పప్పు తాగినా, ఒక రాత్రి వానకు కారే బంకర్లోంచి నీళ్ళు తోడి పోసినా. మెస్‌టిన్ ఇంకా మేలైనది. ఒకదాంట్లో ఒకటి దూరే రెండు అల్యూమినియం గిన్నెలు, మడిచే పిడి. కింద హెక్సమైన్ బిళ్ళ వెలిగిస్తే పొగ పెద్దగా లేకుండా మండుతుంది, కాసేపట్లో నీళ్ళు సలసలమంటాయి. లంగర్ వంటశాల నుంచి మూటగట్టిచ్చే శక్కర్‌పారా ముక్కలు రాయిలాగా ఉంటాయి, వేడి చాయ్‌లో ముంచితే మెత్తబడతాయి. ఇప్పుడు మైసూరులో 1961 నుంచి ఉన్న రక్షణ ఆహార పరిశోధన సంస్థ వాళ్ళు తయారుచేసిన పొట్లాలు వస్తున్నాయి, వేడి నీళ్ళలో వేస్తే పులావు, పప్పు సిద్ధం. మంచిదే. ఆ వేడి నీళ్ళు కాచడానికైనా మెస్‌టిన్ కావాలి కదా.

ఒక జాగ్రత్త చెప్తా. అన్నం తిన్న వెంటనే కడుగు. నీళ్ళు లేకపోతే ఇసుకతో తోము, మన వాళ్ళు ఏటి ఒడ్డున ఇత్తడి చెంబు తోమినట్టు. జిడ్డు గిన్నె కడుపు చెడగొడుతుంది. ఒకడి కడుపు చెడితే వాడి డ్యూటీ ఇంకొకడు నిలబడాలి.

లోకంలో ఏ దేశపు సిపాయిని అడిగినా ఇట్లాంటి చిన్న వస్తువు సంగతే చెప్తాడట. అమెరికా వాళ్ళకు 1942లో పీ-38 అని రేకు డబ్బాలు కోసే చిన్న పనిముట్టు ఇచ్చినారు. బొటనవేలి కంటే పెద్దది కాదు. మెడలో గుర్తింపు బిళ్ళతో పాటు దాన్నీ కట్టుకొని తిరిగినారు, ముసలాళ్ళు అయినాక కూడా తాళంచెవుల గుత్తికి తగిలించుకున్నారు. వియత్నాం యుద్ధంలో వాళ్ళకు పాంచో లోపల వేసుకునే పల్చటి బొంత ఒకటి ఇచ్చినారు. ఇంటికి పోయినాక పిల్లలకు కప్పినారు దాన్ని. తుపాకిని అందరూ గౌరవిస్తారు. అది రాత్రికి కోత్ అనే ఆయుధాల గదిలోకి పోతుంది, తాళం పడుతుంది. ఒంటిని అంటిపెట్టుకొని ఉండేవి మాత్రం ఇట్లాంటి చిన్న వస్తువులే. ప్రేమ వాటి మీదే పుడుతుంది.

ఆ చిన్నవాటిల్లోనూ చిన్నవి రెండున్నాయి. ఒకటి ఫీల్డ్ డ్రెస్సింగ్, గాయానికి కట్టే దూది పట్టీ పొట్లం. దాన్ని అందరూ ఒకే జేబులో పెట్టుకుంటారు. ఏ జేబో శిక్షణ ఇచ్చే ఉస్తాదు చెప్తాడు. ఎందుకో నేను చెప్తా. నువ్వు దెబ్బతిని పడితే పక్కవాడు నీ జేబులో చెయ్యి పెట్టి నీ పట్టీనే నీకు కడతాడు. వాడిది వాడి కోసం ఉంచుకోవాలి. వేళ్ళు వణుకుతున్నప్పుడు, చీకట్లో, వెతుక్కోకుండా చెయ్యి నేరుగా పోవాలి. అందుకే ఆ జేబులో ఇంకేమీ పెట్టొద్దు. ఫోను గానీ, చిల్లర గానీ, అమ్మాయి ఉత్తరం గానీ వద్దు. ఈ అలవాటు కోసమే కిట్ లేఅవుట్ అని మంచం మీద ప్రతి వస్తువునూ దారం పట్టి కొలిచినట్టు వరుసగా పెట్టమంటారు. జానెడు జరిగినా మళ్ళీ మొదటి నుంచి పెట్టిస్తారు. కొత్తలో అది వేధింపు అనిపిస్తుంది. రాత్రిపూట కరెంటు పోయినప్పుడు కళ్ళు మూసుకొని నీ పిట్టూ విప్పి మళ్ళీ కట్టి చూడు. ఏది యాడుందో చేతికి తెలియాలి, కంటితో పని ఉండకూడదు. ఆ చెయ్యి నీది కాకపోవచ్చు. నీ జతగాడి చెయ్యికీ తెలియాలి.

రెండోది సూదీదారం సంచి. మా కాలంలో దాన్ని హౌస్‌వైఫ్ అనేవాళ్ళు. చిన్న గుడ్డ చుట్ట, అందులో రెండు సూదులు, దారం, నాలుగు గుండీలు. మగపిల్లలకు సూది పట్టడం నామోషీ అనుకునే ఊరి నుంచి పోయినోణ్ని నేను. మొదటి నెలలోనే నేర్చుకున్నా. ఆ సూది విలువ మాత్రం నాకు తెలిసింది చాలా ఏళ్ళకు, మంచులో.

సియాచిన్ పేరు నువ్వు టీవీలో విన్నావు. 1984 ఏప్రిల్ 13న ఆపరేషన్ మేఘదూత్‌తో మనవాళ్ళు ఆ మంచు మీద కాలు పెట్టినారు. నేను పోయింది ఆ తర్వాత ఐదేళ్ళకు. ఆడికి పోయేముందు మామూలు బట్టలు పక్కన పెట్టించి వేరే సామాను ఇస్తారు. పక్షి ఈకలు కూరిన కోటు, పొర మీద పొర చేతితొడుగులు, మంచుకు తట్టుకునే బూట్లు, నల్లద్దాలు, గొడ్డలి, తాడు. ఆడ చలి సున్నాకు కింద 50 డిగ్రీల వరకూ పోతుంది. ఉత్త చేత్తో తుపాకి ఇనుము పట్టుకుంటే చర్మం అంటుకొని ఊడొస్తుంది. నడిచేటప్పుడు అందరి నడుములకూ ఒకే తాడు. మంచు పగుల్లో ఒకడు జారితే మిగతావాళ్ళు లాగాలి. ఆ సామాను అంతా అప్పుగా ఇచ్చినదే. కిందికి దిగినాక అప్పగించి రావాలి.

నాకు వచ్చిన కోటు కొత్తది కాదు. ఎందరు తొడిగినారో తెలియదు. విప్పి చూస్తే చంక కింద ఒక చోట చినిగి ఉంది, దాన్ని ఎవరో కుట్టినారు. ఎర్రదారంతో. కోటు రంగుకూ ఆ దారానికీ పొంతన లేదు, ఉన్న దారంతో కుట్టినాడు. కానీ ఆ కుట్టు చూడాలి నాయనా! ఎంత చిన్న చిన్న కుట్లు, ఎంత దగ్గర దగ్గరగా! ఈక ఒక్కటి బయటికి రాకుండా రెండు వరసలు వేసినాడు. చివర్న ముడి లోపలి వైపు వేసినాడు, ఒంటికి గుచ్చుకోకుండా చదును చేసినాడు. ఆ చలిలో చేతితొడుగులు విప్పితే వేళ్ళు నిమిషంలో మొద్దుబారతాయి. ఎన్నిసార్లు తొడిగి, ఎన్నిసార్లు విప్పి, బుఖారీ పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటూ ఎన్ని రాత్రులు కుట్టినాడో! తనకోసమే కుట్టుకొని ఉంటే అంత శ్రద్ధ అక్కర్లేదు, రెండు గుచ్చులు గుచ్చి కానిచ్చేవాడు. ఇంకో నెలకు దిగిపోతా, నా తర్వాత ఎవడో తొడుగుతాడు అని తలుచుకొని కుట్టిన కుట్టు అది. వాడిది ఏ ఊరో, ఏ భాషో నాకు తెలియదు. ఆ మంచులో మూడు నెలలు నా ఊపిరితిత్తుల పక్కన వాడి చెయ్యి ఉంది.

దిగేముందు నేనూ ఒక పని చేసినా. ఆ కోటు జిప్పుకు పట్టుకునే రేకు విరిగిపోయి ఉండేది. లావు తొడుగులతో జిప్పు లాగడం నరకం. పాత బూటు లేసు ముక్క కోసి దానికి దూర్చి, వేళ్ళకు దొరికేటట్టు పెద్ద ముడి వేసి, ఇంకో ఎర్రదారంతో గట్టిగా కుట్టినా. తర్వాత వచ్చినోడు ఆ ముడి పట్టుకొని జిప్పు లాగి ఉంటాడు. అంతే నేను వాడికి చేసింది. నా సర్వీసులో నాకు ఇప్పటికీ సంతోషంగా తలపుకొచ్చేది అదే.

సామాను అన్నిటినీ కాపాడుతుందని నీకు అబద్ధం చెప్పను. 2016 ఫిబ్రవరి 3న సోనమ్ పోస్టు మీద, 19,600 అడుగుల ఎత్తులో, మంచు గోడ విరిగి పడింది. మన రెజిమెంటు 19వ బెటాలియన్ వాళ్ళు పదిమంది దాని కిందపడినారు. అందులో మన కర్నూలు పక్క బండి ఆత్మకూరు మండలం పర్నపల్లె వాడు సిపాయి ముస్తాక్ అహ్మద్ ఉన్నాడు. ఆరు రోజులు మంచు కోసి, తవ్వి, ధార్వాడ జిల్లా వాడు లాన్స్‌నాయక్ హనుమంతప్పను ప్రాణాలతో బయటికి తీసినారు. ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆసుపత్రిలో ఆయనా పోయినాడు. పదిమందీ పోయినారు. ఈ మాట నీకు భయం పెట్టడానికి రాయలేదు. కోటు, బూటు, తాడు ఎంతవరకు ఆదుకుంటాయో అంతవరకు వాటిని నిలబెట్టే పని మనిషిది. ఆ తర్వాతది మనిషి చేతిలో లేదు. చేతిలో ఉన్నంతవరకు మనవల్ల లోటు రాకూడదు. ఆ ఆరు రోజులు తవ్వినవాళ్ళకూ వేళ్ళు గడ్డకట్టకుండా తొడుగులు కావాల్సొచ్చినాయి, పారలు కావాల్సొచ్చినాయి. అవన్నీ ఎవరో ముందు రోజు సరిగ్గా తుడిచి, ఆరబెట్టి, ఉన్నచోట పెట్టినవే.

ఇంకొక్క మాట, ఈ కాలపు మాట. 2022 జనవరి 15న, ఆర్మీ డే నాడు, ఫ్యాషన్ సంస్థ నిఫ్ట్ వాళ్ళతో కలిసి తయారుచేసిన కొత్త కంబాట్ యూనిఫాం చూపించినారు. దాని డిజైను బయట ఎవరంటే వాళ్ళు కుట్టి అమ్మకూడదని సైన్యం పేరు మీద రిజిస్టరు కూడా చేయించినారు. సెలవులో ఇంటికొచ్చినప్పుడు స్నేహితులు అడుగుతారు, ఒక్కసారి తొడుక్కొని ఫొటో తీసుకుంటామని. ఇవ్వొద్దు. బావమరిది అడిగినా ఇవ్వొద్దు. పెళ్ళిలో, బజారులో వేసుకొని తిరగొద్దు. రీలు తీసి పెట్టొద్దు. నీ పిట్టూ ఫొటో, నీ పోస్టు ఫొటో ఎవరికీ పంపొద్దు. గంగమ్మ జాతరలో వేషం కట్టేవాళ్ళు ఆ వేషాన్ని ఎంత నియమంగా కట్టి, ఎంత నియమంగా దించుతారో చిన్నప్పటి నుంచి చూస్తున్నావు. ఆ నియమం చాలు నీకు, కొత్తగా నేర్చుకోబన్లేదు. పాతబడిన బట్టను, బూటును అమ్ముకోవడం గానీ, రెండు బాటిళ్ళకు మార్చుకోవడం గానీ జరిగిందని నా చెవిన పడిందా, నువ్వు నా గడప తొక్కొద్దు. కటువుగా ఉందనుకున్నా పర్వాలేదు, ఈ ఒక్క మాటను మెత్తగా చెప్పడం నాకు రాదు.

నీ సర్వీసు నాలుగేళ్ళు అంటున్నారు. నూటికి ఇరవై ఐదు మందిని ఉంచుకుంటారు, మిగతావాళ్ళు ఇంటికొస్తారు. నువ్వు ఉంటావో వస్తావో ఇప్పుడే చెప్పలేము, దాని గురించి ఇప్పటి నుంచే దిగులు పడొద్దు. ఎప్పుడో ఒకనాడు మళ్ళీ ఆ బల్ల ముందు నిలబడి ఇచ్చినవి ఒక్కొక్కటే అప్పగిస్తావు. పుస్తకంలో ఒక్కొక్క వరుస కొట్టేస్తారు. నేను అప్పగించిన రోజు చేతులు ఖాళీ అయి ఎంత తేలికైనాయో, లోపల ఎంత బరువైందో చెప్పలేను. ఇంటికొచ్చినాక చాలా రోజులు మొబ్బున లేచి కాళ్ళ దగ్గర బూట్ల కోసం తడుముకున్నా. అప్పుగా ఇచ్చిన వస్తువులు ఆడనే ఉండిపోయినాయి. వాటిని చూసుకునే అలవాటు నాతో వచ్చింది. మన బావి కాడ పంపుసెట్టు ఇరవై ఏళ్ళుగా ఎందుకు ఆగలేదని మీ నాయన ఆశ్చర్యపోతుంటాడు. నాకు ఆశ్చర్యం లేదు. రోజూ తుడిచి, గుడ్డ కప్పి, చమురు ఎప్పుడు వేసినానో గోడ మీద రాసిపెడతా. అది కూడా కిట్టే.

కాబట్టి నాయనా, గాంధీ రోడ్డులో తెచ్చిన ఆ సంచులు పక్కన పెట్టు. మీ నాయన డబ్బులు పోయినాయని బాధపడొద్దు, బిల్లు ఉంది, వాపసు ఇస్తారు. ఉత్త చేతులతో పో. వాళ్ళు ఇచ్చినదాన్ని రెండు చేతులా తీసుకో, గుళ్ళో తీర్థం తీసుకున్నట్టు కుదురుగా తీసుకో. సంతకం పెట్టేముందు చదువుకో. మేజోళ్ళు పొడిగా ఉంచుకో. గ్రౌండ్‌షీట్ ఎప్పుడూ వదలొద్దు. జతగాడికి నీ మీద ఒక్కనాడు కూడా అనుమానం రానీయొద్దు. వాడు ఏ ఊరి వాడైనా వాడికి అన్నం తిన్నావా అని వాడి భాషలో అడగడం నేర్చుకో. ఆదివారం మీ అవ్వకు ఫోను చెయ్యి, నాకు చేయకపోయినా సరే.

నీ చొక్కా జేబులో చిన్న గుడ్డ చుట్ట పెట్టినా, విప్పి చూసుకో. మీ అవ్వ నిన్న రాత్రి తన పాత చీర అంచు కత్తిరించి కుట్టింది. రెండు సూదులున్నాయి, ఒకటి సన్నది, ఒకటి దబ్బనం. ఖాకీదారం ఉండ, నల్లదారం ఉండ. గుండీలు ఆరు. అడుగున, అన్నిటికంటే లోపల, ఎర్రదారం ఉండ కూడా ఉంది. అది నేను పెట్టింది.

నీ తాత